గువ్వ కోసం మేలుకున్నవాళ్ళు

జూన్ 9

ప్రభువు రెక్కల కింద ఉన్న నా చెల్లికి, అక్క దీవెనలు.

నువ్వు నా కూతుర్ని బస్సెక్కించుకుని వెళ్ళినప్పటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఫోన్ చేద్దామా అంటే నేను ప్రసంగం మొదలుపెడతాను, నువ్వు మధ్యలో అడ్డొస్తావు, ఆఖరికి ఇద్దరం ఫోన్లు పెట్టేసి చెరోచోట ఏడుస్తాం. ఉత్తరాలే రాసుకుందామన్నావు. మంచిదే. కాగితం మీద నన్ను ఆపేవాళ్ళు లేరు.

ముందుగా ఒకటి అడగాలి. బస్సు కదిలేటప్పుడు గువ్వ మొదట నీ వైపు తిరిగి ఏదో చెప్పి నవ్వింది. ఆ తర్వాతే కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది. నేను చూశాను. ఏం చెప్పిందో రాయి.

పిల్ల సంగతి నీకు తెలియంది కాదు. కానీ దగ్గరుండి పడింది నేను. పదిహేనేళ్ళ పిల్లకి రెండేళ్ళుగా తలనొప్పి. వస్తే కళ్ళు తెరవలేదు, రాకపోతే ఎప్పుడొస్తుందోనని భయం. ఆ భయంతో నిద్ర లేదు. తలకి చేయాల్సిన పరీక్షలన్నీ చేశారు. లోపల ఏమీ లేదన్నారు. మాత్రలు మింగీ మింగీ ఇప్పుడు ఆ మాత్రలే నొప్పి తెస్తున్నాయేమో అన్నాడు డాక్టరు. మీ ఊళ్ళో పిల్లల ఆసుపత్రిలో మందు లేకుండా అలవాట్లు మార్చి తలనొప్పికీ నిద్రలేమికీ చికిత్స చేసే కౌన్సెలర్ ఉందట, ఈ విడత బడి కూడా అక్కడే చదివించమని పంపాడు. పంపాను. ఆ అలవాట్లు చేసింది నేను. వాటిని మార్చడానికి ఆవిడెవరు?

నేను చేసేవన్నీ రాస్తున్నాను, పొల్లుపోకుండా చెయ్యి. పడుకునేటప్పుడు పక్కన కూర్చో. నుదుటి మీద చెయ్యి వెయ్యి. కాపరి కీర్తన మెల్లగా చదువు. కళ్ళు మూసుకుందో లేదో చూస్తూ ఉండు. లేవగానే "తల ఎలా ఉందమ్మా" అని అడుగు. బడి నుంచి రాగానే అడుగు. అన్నం ముందు అడుగు. అడగకపోతే తనకెవరూ లేరనుకుంటుంది. వాళ్ళ నాన్న పోయిన దగ్గర్నుంచి మేమిద్దరం ఒకే మంచం మీద పడుకున్నాం.

ఇక్కడ మా సహవాసంలో నిలబడి చెప్పాను: మనల్ని కాచేవాడికి కునుకు లేదే, ఒక పిల్ల కోసం మనం ఒక్క గంట కునుకు మానుకోలేమా అని! అంతే, అందరూ లేచారు. గొలుసు ప్రార్థన మొదలైంది. రాత్రంతా గంటకొకరు తమ ఇంట్లో మోకాళ్ళ మీద ఉంటారు. మొదటి గంట దర్జీది, ఆ తర్వాత బడి వ్యాను డ్రైవరుది, అలా వరసగా. తెల్లవారే ముందు ఆఖరి గంట నాది. ఎవరిది ఏ గంటో గువ్వకి చెప్పు. ధైర్యంగా ఉంటుంది.

లాడ్జీల పక్కబట్టలు వచ్చి పడ్డాయి. మా లాండ్రీలో ఈ ఊరి దుప్పట్లన్నీ నా ఇస్త్రీ కిందే వెళ్తాయి. ఎవరెవరో వాటి మీద గుర్రు పెట్టి పడుకుంటారు, నా పిల్లకి తప్ప.

నీ కంటే ముందు పుట్టిన
అక్క

జూన్ 17

అక్కా,

నీ ఆజ్ఞలు అందాయి. పదికి మించే ఉన్నాయి.

బస్సులో ఏం చెప్పిందనేగా. "పిన్నీ, నేనిప్పుడు అటు తిరిగితే ఏడ్చేస్తాను, ఏదైనా జోకు చెప్పు" అంది. నాకు సమయానికి జోకు రాలేదు. నా మొహం చూసి నవ్వింది.

మొన్న ఆసుపత్రికి వెళ్ళాం. కౌన్సెలర్ ముప్ఫై దాటని మనిషి. గదిలో బల్ల కూడా లేదు, రెండు కుర్చీలూ ఒక దిండూ. నేను నీ ఉత్తరం సారమంతా చెబుదామని నోరు తెరిచాను. "మీరు కాసేపు బయట కూర్చోండి, అమ్మాయి చెబుతుంది" అంది. నాకూ కాస్త గుచ్చుకుంది, నీ దగ్గర దాచడమెందుకు. గంటసేపు తలుపు అద్దంలోంచి చూశాను. మన గువ్వ, ఇంట్లో అడిగితే తప్ప పలకని గువ్వ, చేతులు తిప్పుతూ ఒకటే మాటలు.

తర్వాత నన్ను పిలిచి చెప్పినవి ఇవీ. ఆదివారమైనా సరే పొద్దున ఒకే సమయానికి లేవాలి. పగలు పడుకోకూడదు. మంచం నిద్రకి మాత్రమే, చదవడానికీ ఏడవడానికీ కాదు. నిద్ర రాక దొర్లుతుంటే లేచి కుర్చీలో కూర్చుని ఏదైనా విసుగు పుట్టే పని చేసి, కళ్ళు మూతలు పడితే అప్పుడు వెళ్ళాలి. భయాలన్నీ సాయంత్రం పూట ఒకసారి కూర్చుని తనకి తానే చెప్పుకుని అక్కడితో ఆపాలి. నొప్పి ఉన్నా, ఓర్చుకోగలిగినంత మటుకు, బడికి వెళ్ళాలి.

ఇంకా రెండు ఉన్నాయి. నీకు నచ్చవు. పడుకునేటప్పుడు పక్కన ఎవరూ కూర్చోకూడదు. తల ఎలా ఉందని ఎవరూ అడగకూడదు. కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. నొప్పి అబద్ధం అని కాదు, నొప్పి నిజమేనంది ఆవిడ. కానీ రోజంతా అడుగుతూ ఉంటే పిల్ల రోజంతా తన తలకే కాపలా కాస్తుందట.

గువ్వ మొహం మాడ్చుకునే ఉంది. పొద్దున్నే లేపినందుకు నా మీద దిండు విసిరింది. గొలుసు ప్రార్థన సంగతి చెప్పాను, ఎవరిది ఏ గంటో కూడా. శ్రద్ధగా వింది.

రంగుల కొట్టులో నన్ను ఈ నెల కౌంటరు నుంచి లోపలికి మార్చారు. జనం తెచ్చిన గుడ్డముక్కకో పెంకుకో సరిపోయే రంగు కలిపి ఇవ్వడం నా పని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. స్వర్గం.

నీ తర్వాత పుట్టిన
చెల్లి

జూన్ 22

పిల్లని పలకరించని ఇంట్లో కాపురముంటున్న చెల్లికి,

ఎవరూ అడగడం లేదు! ఆ మాట ఎంత తేలిగ్గా రాశావే! దారిన పోయేవాడు పడిపోతే చూసీ చూడనట్టు పక్కనుంచి తప్పుకుపోయారే ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ళు కూడా అడగలేదు. ఆగి అడిగినవాడే మనిషి. నువ్వు నా కూతుర్ని ఆ దారిలో పడేసి రంగులు కలుపుకుంటున్నావు.

ప్రవక్త ఒకాయన విసిగి వేసారి, చావు కోరుకుని చెట్టు కింద పడుకున్నాడు. దూత వచ్చి తట్టి లేపాడు, రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. అంటే పక్కనే ఉన్నాడు! పక్కన ఎవరూ ఉండొద్దని ఆ దూతకి ఏ నిద్రల పంతులమ్మా చెప్పలేదు.

గంటసేపు మాట్లాడిందట. ఆవిడతో. రెండేళ్ళు నేను నుదురు పట్టుకుని కూర్చుంటే "ఊఁ", "ఊఁహూఁ" తప్ప నాకు దక్కలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి నా పిల్ల మాటలన్నీ. నా గురించి ఏం చెప్పిందో? నీకు తెలిసే ఉంటుంది, రాయడం లేదు.

పిల్లకి జ్వరం వస్తే గుండె ఎలా కొట్టుకుంటుందో తెలిసినవాళ్ళకి ఈ సలహాలు నోట రావు. నీకు తెలియదు. తెలిసే అవకాశం నీకు రాలేదు. తప్పు నీది కాదు, కానీ తెలియదని ఒప్పుకో.

గొలుసు ప్రార్థన పెరుగుతోంది. పక్క వీధి వాళ్ళు కూడా గంటలు అడిగి తీసుకున్నారు. కూటానికి కుర్చీలు చాలక లాండ్రీ నుంచి ఖాళీ బుట్టలు తెచ్చి బోర్లించి కూర్చుంటున్నారు. ప్రతి కూటంలో మొదటి ప్రశ్న ఒకటే: "గువ్వ తల ఎలా ఉంది?" చూశావా, ఇక్కడ అందరూ అడుగుతున్నారు.

అడిగే నోరున్న
అక్క

జూలై 3

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు డబ్బాల రంగు తప్పు కలిపాను. తెలియదని ఒప్పుకోమన్నావు. ఒప్పుకున్నాను. నాకు పిల్లలు లేరన్న సంగతి నాకూ తెలుసు, నువ్వు గుర్తు చేయక్కర్లేదు.

పోనీలే. మంచి కబుర్లు ఉన్నాయి, అవి రాస్తాను.

గువ్వ ఈ వారమంతా బడికి వెళ్ళింది. రెండు రోజులు నొప్పితోనే వెళ్ళింది, మధ్యాహ్నం బయటి బెంచీ మీద కాసేపు కూర్చుని మళ్ళీ క్లాసుకి పోయిందట. మాత్ర అడగలేదు. రాత్రుళ్ళు మొదటి భాగం ఇంకా కుర్చీలోనే గడుస్తోంది కానీ, ఆ తర్వాత మొద్దులా పడుకుంటోంది. పొద్దున నేను తలుపు కొడితే తిడుతోంది. ఆ తిట్టు వింటే నాకెంత హాయిగా ఉందో!

ఆసుపత్రిలో ఒక చిత్రమైన పని నేర్పుతున్నారు. వేలికి చిన్న క్లిప్పు పెడతారు, దాని ఎదురుగా అంకె కనబడుతుంది. మెల్లగా ఊపిరి వదులుతూ, భుజాలు వదిలేస్తూ ఉంటే చేతులు వెచ్చబడతాయి, అంకె పెరుగుతుంది. ఒళ్ళు బిగదీసుకుంటే చల్లబడతాయి. ఇప్పుడు క్లిప్పు లేకుండానే చేస్తోంది. నొప్పి మొదలవుతోందనిపిస్తే కూర్చుని తన చేతులు తనే వెచ్చజేసుకుని మెడ మీద పెట్టుకుంటోంది.

ఇంకోటి. తనకిచ్చిన గదికి రంగు వేశాం. పాత గోడ పెచ్చులు గీకి, రెండు పూతలు. రంగు తనే కలిపింది మా కొట్టులో. బూడిద రంగులో కాస్త ఆకుపచ్చ. "ఇది వాన వచ్చే ముందు రంగు పిన్నీ" అంది. మా యజమాని ఆ పిల్లకి కన్నుందన్నాడు. నేను పొంగిపోయాను, నేనే కన్నట్టు.

ఇక్కడ తనకి బాగుంది అక్కా. నువ్వు బెంగపెట్టుకోకు.

చెల్లి

జూలై 7

నా కూతురికి గది కట్టిస్తున్న మహారాణికి,

కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నానని అంటావు కదూ? పోసుకుంటున్నాను! రాసుకో!

గదికి రంగు వేయడమంటే ఏమిటి? చుట్టానికి ఎవరూ గోడలు గీకి రంగు వేయరు. ఉండిపోయే మనిషికి వేస్తారు. నేనే కన్నట్టు అని రాశావు. చేత్తో రాసి, కవరులో పెట్టి, అంటించి పంపావు! తలనొప్పి పిల్లని రంగు వాసనలో నిలబెట్టి, పైగా "బాగుంది".

ఆ చేతుల సంగతి చదివి ఇస్త్రీ పెట్టె దుప్పటి మీదే వదిలేశాను. గోధుమ రంగు మచ్చ పడింది. మా మేస్త్రీ కేకలేశాడు. ఆ తల మీద చేతులుంచి ప్రార్థించింది ఎవరు? రెండేళ్ళు ఆ నుదుటి మీద ఉన్న చేతులు ఎవరివి? ఇప్పుడు తన చేతులు తనకి చాలునా? రోగుల మీద చేతులుంచమని మనకి చెప్పినవాడు, ఎవరి చేతులు వాళ్ళు వెచ్చజేసుకోండి అని చెప్పలేదు!

ఇద్దరు ఆడవాళ్ళు ఒక బిడ్డ కోసం రాజు ముందుకి వెళ్ళిన కథ నీకు చెప్పక్కర్లేదు. నాదంటే నాదన్నారు. రాజు కత్తి తెమ్మన్నాడు. అప్పుడు తేలింది అసలు తల్లి ఎవరో. ఇక్కడా తేలుతుంది.

నేను ఆదివారం కూటంలో సాక్ష్యం చెప్పేశాను: గువ్వ నిద్రపోతోంది, మన గొలుసు గెలిచింది అని. చప్పట్లతో కప్పు ఎగిరిపోయింది. నెలాఖరున పెద్ద కూటం పెట్టాం, దర్జీ మైకు కూడా మాట్లాడాడు. గువ్వ వేదిక ఎక్కి తన నోటితో సాక్ష్యం చెబుతుంది. తనకి కూడా ఒక కార్డు పంపాను, దర్జీ, వ్యాను డ్రైవరు, అందరూ తలా ఒక వాక్యం రాశారు. ఇరవయ్యో తేదీకి నేను వచ్చి తీసుకొచ్చేస్తున్నాను. చికిత్స అయిందా లేదా నాకనవసరం. సామాను సర్ది ఉంచు.

తల్లి

జూలై 14

అక్కా,

రావద్దు. ముందు ఇది మొత్తం చదువు. ఉత్తరాల్లో మధ్యలో అడ్డురాకూడదనే కదా ఒప్పందం.

మీ కార్డు వచ్చిన రోజు నుంచి గువ్వకి నిద్ర పోయింది. మంచి నిద్రంతా ఒక్కసారిగా. బడి మానేసింది. తల పట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంటోంది. నేను ఆసుపత్రికి లాక్కుపోయాను. ఈసారి గువ్వే నన్ను లోపల కూర్చోమంది.

ఆవిడ నెమ్మదిగా అడిగింది: "మంచం మీద వాలగానే ముందు ఏం గుర్తొస్తుంది?"

గువ్వ ఏమందో తెలుసా? "దర్జీ బాబాయి మోకాళ్ళు" అంది.

నాకు నవ్వొచ్చింది. తను నవ్వలేదు. "ఆయనకి మోకాళ్ళ నొప్పులు. మెట్లే ఎక్కలేడు. నా కోసం గచ్చు మీద మోకాళ్ళేసి ఉంటాడు. ఆయన అలా ఉంటే నేను హాయిగా ఎలా పడుకోను? ఆ గంట అయ్యేదాకా మేలుకుని ఉంటాను. తర్వాత వ్యాను డ్రైవరు. ఆయన పొద్దున్నే బడిపిల్లల్ని ఎక్కించుకోవాలి, స్టీరింగు మీద కునుకు పడితే? ఆయన గంట కూడా అయిపోనిస్తాను. అలా ఒక్కొక్కరూ. మొదట్లో మధ్యలో అలిసిపోయి పడుకునేదాన్ని. ఇప్పుడు అమ్మ నాకు తగ్గిపోయిందని అందరికీ చెప్పేసింది. ఇక నేను పడుకోలేదంటే అమ్మ అబద్ధం చెప్పినట్టు. తల నొప్పి పుట్టిందంటే అంతమందీ ఓడిపోయినట్టు" అంది.

అక్కా, ఆ గంటలు ఎవరివో పూసగుచ్చినట్టు తనకి చెప్పింది నేనే. ధైర్యమొస్తుందనుకున్నాను. నువ్వూ అదే అనుకున్నావు. అంతమంది ఆ పిల్ల నిద్ర కోసం మేలుకున్నారు, ఆ పిల్ల వాళ్ళ కోసం మేలుకుంది.

ఆవిడ ప్రార్థన మానమనలేదు. మనిషి నమ్మకం జోలికి నేను వెళ్ళనంది. "రాత్రి గంటలు మాత్రం ఆపగలరా? పగలు చేసుకోమనండి, పిల్లకి లెక్క చెప్పకుండా" అంది. వేదిక ఎక్కించడం గురించి అడిగితే గువ్వ వైపు చూసింది. గువ్వ రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా ముడిచేసుకుంది.

ఇక నీ రాజుగారి తీర్పు. ఆ కథ నాకు చిన్నప్పుడు చెప్పింది నువ్వే. అందులో అసలు తల్లి బిడ్డని లాక్కోలేదు అక్కా. వదిలేసింది. అది చూసే రాజు కనిపెట్టాడు.

నేను నీ బిడ్డని దొంగిలించానని నీ బాధ. ఇది విను. నేను గోడలు గీకి, మెడలు పట్టేసేలా రంగు వేసిన గదిలో, రోజూ నేను లేపే గదిలో, తెల్లారే ముందు నీ గంట రాగానే అది లేచి కూర్చుంటుంది. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని నీకు తోడు కూర్చుంటుంది. తలుపు సందులోంచి చూశాను. నన్ను చూడలేదు. చూసినా పిలిచేది కాదు. నువ్వు బస్సెక్కి వచ్చి లాక్కెళ్ళడానికి ఇక్కడ నా దగ్గర ఏముందే? కడుపు మండేది నాకు. నీకు కాదు.

చెల్లి

జూలై 21

చెల్లీ,

నేనెందుకు రాలేదా అని చూస్తున్నావు కదూ. టికెట్టు కొన్నాను. బస్టాండు దాకా వెళ్ళాను. సంచి ఒళ్ళో పెట్టుకుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. బస్సు వచ్చింది, వెళ్ళింది. కండక్టరు "రావమ్మా" అని రెండుసార్లు పిలిచాడు.

ఆ కౌన్సెలర్ నాకు ఫోన్ చేసింది. గొంతు వింటే ఇంకా చదువుకునే పిల్లలా ఉంది. నేను సిద్ధంగా ఉన్నాను, వాక్యాలు వరసగా పేర్చుకుని. ఆవిడ గువ్వ గురించి ఎత్తనే లేదు. "మీరు ఎప్పుడు పడుకుంటారండీ?" అని అడిగింది. ఇంతకాలం నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఫోన్ పెట్టేశాను. మర్యాదగా పెట్టలేదు. చెప్పు ఆవిడకి.

తర్వాత కూటంలో నిలబడ్డాను. ఏం చెప్పాలో ముందే అనుకోలేదు. గాలివానలో పడవ మునిగిపోతుంటే వెనక దిండు వేసుకుని నిద్రపోయినవాడి గురించి చెప్పాను. పన్నెండుమంది కేకలు వేస్తున్నారు, ఆయన పడుకున్నాడు. ఆ కథలో నేనెప్పుడూ గాలిని గద్దించడం దగ్గరే గొంతు పెంచేదాన్ని. ఈసారి దిండు దగ్గర ఆగిపోయాను. "నిద్రపోవడం కూడా నమ్మకమే" అన్నాను. "ఇంటికెళ్ళి పడుకోండి. గొలుసు ఈ రాత్రితో ఆపేస్తున్నాం. గువ్వకి తగ్గలేదు. తగ్గిందని నేను తొందరపడి చెప్పాను. పెద్ద కూటంలో గువ్వ మాట్లాడదు. పగలు ఎవరి పని చేసుకుంటూ వాళ్ళు ప్రార్థించండి, ఎవరు చేశారో నాకు చెప్పొద్దు."

దర్జీ లేచాడు. "అంటే నా మోకాళ్ళు పనికిరాలేదా సిస్టర్?" అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పక్క వీధి వాళ్ళు గుసగుసలాడుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళిక రారు. ఆదివారం బుట్టలు బోర్లించే పని లేకపోయింది, కుర్చీలే మిగిలాయి. వ్యాను డ్రైవరు మాత్రం గుమ్మం దగ్గర నా చెవిలో "దేవుడు నిన్ను చల్లగా చూడాలి, చచ్చిపోతున్నాను నిద్ర లేక" అని పోయాడు.

తప్పిపోయి ఇంటికొచ్చిన కొడుకు కథ ఎన్నిసార్లు చెప్పానో. ఎప్పుడూ తండ్రి గొంతుతోనే చెప్పాను. ఇప్పుడు చూస్తే నేను ఇంట్లో పాటలు వినబడుతుంటే లోపలికి రాకుండా గుమ్మంలో మూతి ముడుచుకున్న పెద్దవాణ్ణి. ఆ గదిలో వాన రంగు ఉంది. నేను ఆ గది చూడలేదు. దాని నవ్వు బస్సులో నువ్వు విన్నావు, నేను వినలేదు. నాకు ఇంకా మంటగానే ఉంది. తగ్గిపోయిందని ఈసారి తొందరపడి సాక్ష్యం చెప్పను.

జ్వరం సంగతి రాశాను నీకు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అక్క

జూలై 30

అక్కా,

గొలుసు ఆపేశావని గువ్వకి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. బావురుమంది. "అమ్మకి నా మీద కోపం వచ్చిందా? నన్ను వదిలేసిందా?" అని. మనిద్దరం ఏం చేసినా దానికి ఇంకోలా తగులుతోంది కదే! చివరికి నీ ఉత్తరం చదివి వినిపించాను. మన్నించు. దర్జీ దగ్గర ఏడ్చింది. వ్యాను డ్రైవరు దగ్గర నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు కూడా నేనే విన్నాను, క్షమించు.

అంతా అయ్యాక, "మరి అమ్మ ఆఖరి గంట మానేసిందా?" అని అడిగింది. నీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. నేను రెండుసార్లు వెతికాను. "తెలీదు" అన్నాను. "మానలేదు" అంది అది. ఖాయంగా చెప్పింది.

మళ్ళీ గాడిలో పడుతోంది. ఒక్కసారిగా కాదు. ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు జావగారిపోతుంది. అలాగే ఉంటుందనీ, నొప్పి పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వననీ, నొప్పి వచ్చినా రోజు తన చేతిలో ఉండటమే ముఖ్యమనీ కౌన్సెలర్ ముందే చెప్పింది. బడికి వెళ్తోంది.

ఇక అసలు సంగతి. నిన్న అన్నం తింటూ, "ఈ విడత పరీక్షలవగానే ఇంటికెళ్తాను పిన్నీ" అంది. నేను ఉండమన్నాను అక్కా. బతిమాలాను. మళ్ళీ విడత కూడా ఇక్కడే చదువు, గది నీదే అన్నాను. నువ్వు భయపడ్డదంతా నిజమే, చూశావా? అది నా చెయ్యి పట్టుకుని "గది బాగుంది పిన్నీ. కానీ అమ్మ పడుకోదు, నేను వెళ్ళకపోతే" అంది.

వేరే మంచం కావాలట. నొప్పి సంగతి నువ్వు అడగకూడదట. వేదిక వద్దట. కౌన్సెలర్ దగ్గరకి నెలకోసారి నేనొచ్చి తీసుకెళ్తాను, అది నా షరతు. ఆ ఒక్క రోజూ నాది.

నువ్వు గెలిచావు.

చెల్లి

ఆగస్టు 16

చెల్లీ,

గెలిచానని రాశావు కాబట్టి గెలుపు ఎలా ఉందో చెబుతాను.

బస్సు దిగింది. కాస్త చామనఛాయ తిరిగింది, కాస్త పొడుగైంది. నా నోట్లో ఆ ప్రశ్న సిద్ధంగా ఉంది. నాలుక చివర దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి, "సీటు దొరికిందా?" అన్నాను. దొరికిందంది. రిక్షాలో మళ్ళీ, "కిటికీ పక్క సీటేనా?" అన్నాను. అవునంది. ఇంటి తాళం తీస్తూ, "బస్సులో సీటు మెత్తగా ఉందా?" అన్నాను. అది సంచి కింద పడేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. "పాపం అమ్మా, చాలా కష్టపడుతున్నావు" అంది. చెల్లీ, ఆ నవ్వు నేను విన్నాను. ఇక మనిద్దరం సమానం.

లాండ్రీలో పాత ఇనప మంచం ఉంటే మేస్త్రీని అడిగి తెచ్చాను. గదికి అటు చివర వేశాను. మొదటి రాత్రి నా చెయ్యి ఖాళీగా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దానికి లేవాలనిపిస్తే లేచి కుర్చీలో కూర్చుంది. నేను కళ్ళు మూసుకుని చలనం లేకుండా ఉన్నాను. రాయిలా. "అమ్మా, నువ్వు మేలుకునే ఉన్నావు, నిద్రపోయేవాళ్ళు ఊపిరి బిగబట్టరు" అంది. నాకు భుజాలు వదలడం నేర్పింది. నా వేళ్ళు తన వేళ్ళతో పట్టుకుని చూసి, "మంచుగడ్డల్లా ఉన్నాయి, ఊపిరి ఇంకా మెల్లగా వదులు" అంది. పంతులమ్మలాగే అంటుంది, ఆ గొంతు వింటే ఒళ్ళు మండింది. అయినా వదిలాను. నిద్ర ఎప్పుడు పట్టేసిందో తెలియదు. తెల్లవారిపోయింది. ఉదయం ప్రార్థనకి వచ్చిన వాళ్ళకి తలుపు తీసింది అదేనట. "అమ్మ పడుకుంది, మీరు మొదలుపెట్టండి" అందట. దర్జీ ప్రార్థన నడిపాడు. కుర్చీలో కూర్చుని.

మొన్నటి సంగతి రాయడానికే ఈ ఉత్తరం. పొద్దున అది జడ వేసుకుంటోంది. కనుబొమలు ముడిపడ్డాయి. నాకు ఆ ముడి తెలుసు. అడగలేదు. ఇటు తిరిగి డబ్బా కడిగాను, కడిగిన డబ్బానే మళ్ళీ కడిగాను. కాసేపు కూర్చుంది, కళ్ళు మూసుకుని, చేతులు మెడ మీద పెట్టుకుని. తర్వాత బడి సంచి భుజాన వేసుకుని నా దగ్గరకి వచ్చింది.

"అమ్మా, ఇవాళ తల నొప్పిగా ఉంది. అయినా వెళ్తున్నా. నీకు చెప్పాలనిపించింది" అంది.

వెళ్ళిపోయింది.

నేను అడగలేదే! అడగకుండా, తనంతట తను, వచ్చి నాకు చెప్పింది. నీ ఇంట్లో అన్ని వారాలున్నా నీకు ఒక్కసారైనా అలా వచ్చి చెప్పిందా? చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వు రాయకుండా ఉండేదానివి కాదు.

కుళ్ళుకో.

నీ అక్క